తాళం మార్పిడి ఖర్చు

అకబానే స్టేషను పక్క సందులో, రెండో అంతస్తులో
ఇళ్ల ఏజెంటు హిరాఇవా గారు
కాగితాన్ని రెండు చేతులతో నా వైపు తిప్పారు,
చుట్టానికి విస్తరి వేసినంత మర్యాదగా.

అద్దె అరవై రెండు వేల యెన్లు.
అది తెలుసు. కిటికీకి అంటించింది చూసే మెట్లెక్కాను.
దాని కింద డిపాజిట్, మరో అరవై రెండు.
దాని కింద రేకిన్, ఇంకో అరవై రెండు.
అంటే ఇంటాయనకి కృతజ్ఞత:
ఇంకా ఇల్లివ్వని మనిషికి
ఇచ్చినందుకు దండం.
ఆ డబ్బు తిరిగి రాదు.
పెట్టిన దండాలు ఎప్పుడు తిరిగొచ్చాయి గనక.

హిరాఇవా గారి శ్రమకి ఒక నెల అద్దె, పైన పన్ను.
నాకు పూచీ ఉండే మనుషులెవరూ లేరు కాబట్టి
పూచీ పడే కంపెనీకి ముప్పై ఒక్క వేలు.
"ఉన్నా కట్టాల్సిందే లెండి" అన్నారు ఓదార్పుగా.
నిప్పంటుకుంటుందేమోనని పద్దెనిమిది వేలు.
ముందున్న మనిషి మళ్లీ రాకుండా
తాళం మార్చడానికి పదహారు వేల ఐదొందలు.

"ముందున్నది ఎవరండీ?"
"ఒక పెద్దావిడ. చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు."
ఆవిడ అర్ధరాత్రి వచ్చి
నా గిన్నెలెత్తుకుపోతుందా
అని నేననలేదు.

తడిసి మోపెడై
మూడు లక్షల పంతొమ్మిది వేల ఏడొందలైంది.
నా పాసుబుక్కులో రెండు లక్షల పది.
బెంటో ఫ్యాక్టరీ వాళ్లు హాస్టలు మూసేస్తున్నది నెలాఖరుకి.
"ఆలోచించుకోండి నోనకా గారూ" అన్నారాయన,
ఆలోచనకి మాత్రం రుసుము లేదన్నట్టు.

*

షిమురాలో ఒకప్పటి పంటి డాక్టరు ఇల్లు.
ఇప్పుడు తొమ్మిది గదులు, తొమ్మిది రకాల చెప్పులు, ఒక్క వంటిల్లు.
చేరడానికి ముప్పై వేలు.
కరెంటూ నీళ్లూ కలిపి నెలకి నలభై ఎనిమిది.
పూచీ అడిగితే ఫోను నంబరు చాలన్నారు.
నాలుగో గది తాళంచెవి అరచేతిలో పెట్టారు,
అంకె సగం అరిగిపోయింది
నాకంటే ముందు ఎవరెవరి బొటనవేళ్ల కిందో.

అక్కడ గంపగుత్తగా అడిగింది
ఇక్కడ చిల్లరగా కడతాం.
ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో పేరు రాసుకోవడం.
స్నానానికి వంద నాణెం, పది నిమిషాలు,
తల మీద నురగ ఉండగానే నీళ్లు ఆగిపోవడం.
ఉలాన్‌బాతర్ అమ్మాయి సొలోంగో
తెల్లవారుజామున ఇంటికి ఫోన్ చేసి నవ్వుతుంటే
రాత్రి షిఫ్టు దిగొచ్చిన నేను
దిండు చెవులకి అదుముకోవడం.
వీటికి రసీదులుండవు.

*

ఎనిమిదో రోజున సెగావా వచ్చాడు.
నాకు ముందు నాలుగో గది అతనిదే.
గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, నాలుగేళ్లు కూడబెట్టి
సొంతంగా గది తీసుకున్నవాడు.
మర్చిపోయిన గొడుగు కోసమన్నాడు.
బయట ఎండ కాస్తోంది.

"సీలింగుకి దీపం ఉండదని ఎవరూ చెప్పలేదు" అన్నాడు.
"కొక్కెం ఉంది, దీపం లేదు.
కర్టెన్లు లేవు. పొయ్యి లేదు.
అన్నీ కట్టాక జేబులో మిగిలింది రైలు చార్జీ.
మొదటి రాత్రి వీధిదీపం వెలుగులో
నేలమీద కూర్చుని చల్లటి నూడుల్స్ తిన్నాను."
కాసేపాగి,
"ఎంత నిశ్శబ్దమనుకున్నారు" అన్నాడు.
గొప్పకి అన్నాడో, దిగులుకో
నాకు అంతు పట్టలేదు.

సొలోంగో అతని ముందు సూప్ గిన్నె పెట్టింది.
తాగాడు, గిన్నె కడిగాడు,
అలవాటుగా తన పాత కొక్కేనికే గుడ్డ తగిలించాడు.
అది ఇప్పుడు నాది. ఊరుకున్నాను.
పది కాగానే లేచాడు.
"ఇంటికెళ్లాలి" అన్నాడు.
చెప్పులేసుకుంటూ ఇంకోసారి, నెమ్మదిగా,
"మా ఇంటికెళ్లాలి."
గొడుగు ఇక్కడే ఉంది.

హిరాఇవా గారి కాగితాన్ని నేను పారేయలేదు.
మడతలు విప్పి, గుడ్ల మీద పేరు రాసే పెన్సిలుతో
అన్నిటికన్నా కింద ఒక వరుస చేర్చాను:
దీపం, నాలుగు వేలు.